కాలవలో మా ఇంటి వంతు

నర్సీపట్నంలో ఆరో తరగతికి సోషల్ చెప్తాను. బడి తెరిచిన కొన్నాళ్ళకే నదీలోయ నాగరికతలు వస్తాయి. నైలు, టైగ్రిస్, యూఫ్రటీస్, సింధు. జనం కలిసి కాలవలు తవ్వుకున్నారని ఒక్క ముక్కలో చెప్పేసి పాఠం ముందుకు పోతుంది. నాకు ఆ ముక్క దగ్గరే ఒళ్ళు మండుతుంది. కలిసి తవ్వడమంటే అంత తేలికా? సొంత అన్నదమ్ములు కలిసి ఒక ప్రహరీగోడకు సున్నం వేయించలేరు. అలాంటిది ఊరంతా కలిసి ఏటి నీళ్ళను పొలాలదాకా నడిపించిందంటే చిన్న సంగతా? పిల్లలు పిరమిడ్ బొమ్మ చూసి నోళ్ళు తెరుస్తారు. నేను మాత్రం పీరియడ్ అంతా కాలవ దగ్గరే ఆగిపోతాను. సిలబస్ వెనకబడిందని హెచ్‌ఎం గారు గొణుగుతారు. గొణగనీ.

నాకీ గీర ఊరికే రాలేదు. మా నాన్న ఊరు బలిఘట్టానికి దగ్గర్లోనే. వరాహ నది నుంచి మా పొలాలకు ఒక పిల్లకాలవ వస్తుంది. ఏటా వానలకు ముందు ఒక ఆదివారం ఆ కాలవలో పూడిక తీస్తారు. నీళ్ళు వాడుకునే ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి దిగాలి. ఏ ఇల్లు ఎంత మేర తవ్వాలో తాతల నాటి ఏర్పాటు. కూలి మనిషిని పెడితే చెల్లదు, ఇంటి మనిషే దిగాలి. దిగని ఇంటికి నీళ్ళు అందరి తర్వాతే. అందరి తర్వాత అంటే ఆకుమడి ఎండిపోవడమే, ఆ ఏడు ఊడుపులు లేకపోవడమే. మా ఇల్లు ఏనాడూ తప్పలేదని నాన్న మీసం మీద చెయ్యేసి చెప్పేవాడు.

కిందటేడు సరిగ్గా ఆ పని ముందు నాన్న బండి మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తొడదాకా కట్టు. నేను ఒక్కతే సంతానం. మా ఆయన తాను దిగుతానన్నాడు పాపం. ఆయనకు పార పట్టుకోవడం రాదు, అది వేరే సంగతి. అసలు అల్లుడు దిగినా చెల్లదు, అల్లుడిది వేరే ఇల్లు. ఆ వారమంతా నాన్న సరిగ్గా అన్నం తినలేదు. కాలు నొప్పికి కాదు.

ఆదివారం పొద్దున్నే నాన్న పాత చొక్కా చుడీదార్ మీద తొడుక్కుని, పార భుజాన పెట్టుకుని వెళ్ళాను. నాన్న ఆటోలో వచ్చి గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కాలవ పనికి పెద్ద నాకు వరసకు పెదనాన్న. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏటమ్మా, నువ్వొచ్చేవేటి?"

"మా ఇంటి తరపున, పెదనాన్నా."

"ఏ ఇల్లు? పెళ్ళయి ఎల్లిపోనావు. ఇంటిపేరు మారిపోనాది. అల్లుణ్ణే ఒప్పుకోనప్పుడు నిన్నెలాగ ఒప్పుకుంతాం?"

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇంటిపేరు మారితే మారింది. ఆ చేలో గింజలు తిని పెరిగిన ఒళ్ళు మారిపోద్దేటి? ఎవులు కాదంతారో ముందు కాలవలోకి దిగి సెప్పండి!"

బళ్ళో ఎంత శుభ్రంగా మాట్లాడినా, కోపమొస్తే నాకు మా ఊరి మాటే వస్తుంది. పెదనాన్న చేతిలో కర్రతో మా మేర చూపించి ముందుకు వెళ్ళిపోయాడు.

మా మేర తూము కింద ఉంది. కొట్టుకొచ్చిన ఇసకంతా అక్కడికే చేరుతుంది. దాని మీద తుంగ వేళ్ళు అల్లుకుపోయి పార దిగనివ్వవు. పక్క మేరలో ఉన్న, నాకు అన్న వరసయ్యే ఆయన జాలిపడ్డాడు.

"నేనో సెయ్యేత్తానుండమ్మా."

"వొద్దన్నయ్యా. నీ సెయ్యి పడితే మా ఇంటి పని కాదంతారు."

ఎండ ఎక్కింది. అరచేతులు బొబ్బలెక్కాయి. నడుం పట్టేసింది. అయినా అబద్ధమెందుకు, ఒళ్ళంతా ఒకటే హుషారు. కాలవ పొడుగునా వంగిన వీపులు, పారల చప్పుడు. ఒకడి మట్టి ఇంకొకడి మేరలో పడిందని తగువు, దాన్ని తీర్చే పెదనాన్న గొంతు. టైగ్రిస్ ఒడ్డునా ఇలాగే దెబ్బలాడుకుని ఉంటారు. అక్కడా ఒక బద్ధకస్తుడు పొద్దెక్కాక తాపీగా వచ్చి ఉంటాడు, వాడి మీద ఒక పెద్దాయన అరిచి ఉంటాడు. రాజులూ కోటలూ ఆ తర్వాతి మాట. ముందు పుట్టింది ఈ అరుపే అని నా నమ్మకం. వేల ఏళ్ళ కిందట మనుషులు మొదలుపెట్టిన పనిని మోకాలి లోతు బురదలో నిలబడి నేనూ చేస్తున్నాను. గర్వంగా ఉండదా మరి?

మధ్యాహ్నానికి పని అయింది. పెదనాన్న చెప్పులు విప్పి కాలవ అడుగున నడుస్తూ, ఒక్కో మేరా చూసుకుంటూ వచ్చాడు. మా మేరలో ఆగి కాలితో తడిమాడు.

"ఇక్కడ గొయ్యి తీసేసేవు. నీలు నిలబడిపోతాయి. బేగి కప్పు!" అని కసిరాడు.

అంతకుముందు పక్కాయన్ని కసిరిన గొంతే అది. గొయ్యి కప్పుతున్నంతసేపూ నాకు నవ్వాగలేదు.

ఆ తర్వాత నీళ్ళ వంతులు. చేలు ఉన్న వరసలో పెదనాన్న ఒక్కో ఇంటినీ పిలుస్తాడు. కాలవలో దిగిన మనిషి "ఉన్నాం" అనాలి. అలా అన్న ఇంటికే వంతు. చిన్నప్పటినుంచీ గట్టు మీద కూర్చుని ఆ పిలుపులు విన్నాను. పలికినవన్నీ మగ గొంతులే.

మా ఇల్లు వచ్చేసరికి పెదనాన్న ఆగాడు. గట్టు మీద నాన్న కుర్చీ చెయ్యి పట్టుకుని లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. ఆయన పలికినా చెల్లదు, ఆయన దిగలేదు. పెదనాన్న మా ఇంటిని పిలిచాడు. నాన్న వైపు చూసి కాదు, నా వైపు చూసి పిలిచాడు.

"ఉన్నాం!" అన్నాను, క్లాసు మొత్తాన్ని అదిలించే గొంతుతో.

"మీ నాన్న వంతే నీదీని. మంగలారం తెల్లారగట్ల. తొంగుండిపోనావో, పక్కోడికిచ్చేత్తాను" అనేసి పెదనాన్న తరువాతి ఇంటిని పిలిచాడు.

నేను గట్టు ఎక్కేసరికి నాన్న తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ పక్కనున్న ఆయన భుజం పట్టి కుదిపేస్తున్నాడు.

"ఇన్నావేటి? అది మా ఇంటి గొంతు."