అమ్మ దారం కట్టిన మిషన్

మొన్న దసరాకు ముందు మా అమ్మాయి కోరుట్లలో మా షెడ్డులోకి కొత్త మిషన్ తెప్పించింది. కంప్యూటర్ చెప్పినట్టు కత్తి తిరుగుతూ కట్టె మీద లతలూ చిలకలూ చెక్కే మిషన్లు ఇప్పుడు ఊరూరా వచ్చాయి కదా, అలాంటిదే, కాకపోతే ఇది మరీ తెలివైనది. బొమ్మను ఫోన్‌లో పెట్టి ఒక్కచోట వేలు ఆనిస్తే చాలు, కట్టె మందమెంతో, ఎక్కడ మొదలుపెట్టాలో అదే చూసుకుని పని కానిచ్చేస్తుంది. నేను దాని చుట్టూ తిరిగి, అంచుల్లో ఉండాల్సిన చిన్న స్విచ్చులు కనబడక, అవి ఎక్కడున్నాయని అడిగాను. దీనికి స్విచ్చులే ఉండవు, అంచు తగిలితే దానికే తెలుస్తుందని మా అమ్మాయి నవ్వింది. ఆ పిల్లకు నవ్వులాటే గానీ, గోరంత స్విచ్ ఒకటి ఒకప్పుడు నా బతుకును ఇటో అటో తేల్చిన సంగతి నాకు గుర్తుకొచ్చి, అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

మాది సిరిసిల్ల. మరమగ్గాలను మేం సాంచాలంటాం, ఆ సాంచాల చప్పుడులోనే పుట్టి పెరిగాను, చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది. నూలు పిరమై, కొనలేని ధరకు పోయి, నేసిన గుడ్డ అడిగేవాడు లేక, వీధిలో ఒక్కొక్క ఇంట్లో సాంచాలు మూగబోయి పాత ఇనుముకు పోయిన రోజులు నా ఈడు వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. పొద్దున్నే లేస్తే ఎవరింట్లో ఏడుపు వినాల్సి వస్తుందోనని తలుపు తీయబుద్ధయ్యేది కాదు. కొందరు భివండీ పోయారు, కొందరు సూరత్ పోయారు, నేను కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం వాళ్ల గుంపులో కలిసి గల్ఫ్ పోయాను. సాంచ నడిపిన చేతులు గనుక అక్కడ తలుపులు చేసే కార్ఖానాలో మిషన్ దగ్గర నిలబెట్టారు.

ఆ మిషన్ ఎంత సులువంటే, ఆకుపచ్చ బటన్ నొక్కితే నడుస్తుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది, అంతే. లోపలి సంగతులన్నీ తాళం వేసి ఉండేవి, ఆ తాళం సూపర్వైజర్ దగ్గర. ఏళ్లకేళ్లు దాని ముందు నిలబడ్డా దాని కడుపులో ఏముందో నాకు తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. పెళ్లయ్యాక సెలవుల లెక్కన సంసారం చేసి, బిడ్డ పుట్టినప్పుడు ఫోన్‌లో ఏడుపు విని, చివరికి ఆ కార్ఖానా మూతబడితే చేతిలో సంచితో కోరుట్లలో, మా అత్తగారి ఊళ్లో వచ్చి పడ్డాను. మా ఆవిడ బీడీలు చుట్టి ఇల్లు నెట్టుకొస్తుండేది.

ఇక్కడే అలాంటి పని పెట్టుకుందామన్న ఆలోచన మా బామ్మర్ది పుట్టించాడు. జగిత్యాలలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు అతనిది, ఏ వస్తువునైనా విప్పి చూస్తే తప్ప అన్నం సహించని మనిషి. పట్టాలు, మోటార్లు, తీగలు విడివిడిగా తెప్పించి, మంచమంత మిషన్ ఒకటి మా షెడ్డులోనే బిగించాడు. పట్టాల రెండు కొసల్లో చిన్న స్విచ్చులు పెట్టాడు, కత్తి బండి అక్కడికి వెళ్లి తాకి, ఇదీ నా ఇల్లు అని గుర్తుపెట్టుకుని పని మొదలుపెడుతుందన్న మాట. అంతవరకూ ఇద్దరం ఒక మాట మీదే ఉన్నాం. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ దగ్గరే బావా బామ్మర్దులం చెరో దారి పట్టాం.

అతను పెట్టింది ఊరికే దొరికేది. అందులో మార్చలేనిదంటూ లేదు, అదే నాకు గుండెల్లో రాయి. ఏ పేజీ తెరిచినా విమానం నడిపేవాడి ముందున్నన్ని అంకెలు. అంగుళాలని ఉండాల్సిన చోట మిల్లీమీటర్లని ఉంచి, చక్కని టేకు చెక్క మీద చిలకను చెక్కబోయి చీమను చెక్కాను. ఆ కోపంలో హైదరాబాద్ నుంచి అమ్మకానికి వచ్చే ఇంకో సాఫ్ట్‌వేర్ తెప్పించుకున్నాను. పెద్ద పెద్ద బటన్లు, గల్ఫ్ మిషన్ బటన్లకు అన్నదమ్ముల్లా ఉంటే నా ప్రాణం లేచొచ్చింది. మా బామ్మర్ది మాత్రం పెదవి విరిచాడు.

"బావా, గిది నడిచినన్ని దినాలు మంచిగనే నడుస్తది. ఆగిందనుకో, ఎందుకాగిందో చెప్పది గద."

సుఖంగా పోతున్న వాడికి ఆగిపోయే మాట చెబితే ఎక్కుతుందా? నేను వినలేదు.

ఆ సమయంలోనే జగిత్యాల ఏజెంటు కొత్త వీసా వచ్చిందన్నాడు. పాస్‌పోర్ట్ ఆయన చేతిలోనే ఉంది, ప్రయాణం దసరా వెళ్లిన వారానికి. ఈసారి పోతే మళ్లీ ఎప్పుడొస్తానో నాకే తెలియదు. మా ఆవిడ గట్టిగా అడ్డం పడింది. రాయికల్‌లో వాళ్ల దగ్గరి చుట్టం ఇల్లు కడుతున్నాడు, ఆ ఇంటి దర్వాజ, అంటే గుమ్మం, చెక్కే పని మాకే ఇప్పించింది. ఇది చక్కగా నిలబడితే నలుగురూ చూస్తారు, పని అదే వస్తుంది, అప్పుడు నేను పోనక్కర్లేదు. పాడైతే ఇక ఆపనంది. ఆ చుట్టమూ గల్ఫ్‌లో ఉండి సెలవు మీద వచ్చినవాడే, దసరా తర్వాత రెండోనాటి పొద్దున దర్వాజ నిలబెట్టే ముహూర్తం పెట్టుకుని, ఆ వెంటనే తిరుగు ప్రయాణం పెట్టుకున్నాడు. ముహూర్తం జరపడానికి వీల్లేదు.

పక్క కొయ్యలు రెండూ దసరాకు ముందే చెక్కేశాను, మిగిలింది చిలకలుండే పైకొయ్య ఒక్కటే. పండగకు మా అమ్మ సిరిసిల్ల నుంచి వచ్చింది. సాంచాలకు చేసినట్టే మిషన్‌ను కడిగినంత పని చేసి, బొట్లు పెట్టి, బల్ల అంచుకు బంతిపూల దండ వేసి, పట్టాల కొసకు పసుపు కొమ్ము పసుపు దారంతో కట్టింది. ఆమె మొక్కుకున్నదేమిటో నేనడగలేదు, నా ప్రయాణం మాట వచ్చినప్పుడల్లా కొంగు కళ్లకు పోయేది.

మర్నాడు కొబ్బరికాయ కొట్టి మిషన్ వేశాను. కదల్లేదు. తెర మీద ఎర్ర గుర్తు వచ్చి, మళ్లీ మొదలుపెట్టమంది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ అదే గుర్తు. అమ్మినవాడికి ఫోన్ చేస్తే పండగ సెలవు, మోగుతూనే ఉంది. ఎంత నొక్కినా ఆ పెద్ద బటన్లు నాకేమీ చెప్పలేదు. విమానం మెట్లు కళ్ల ముందు ఆడాయి. మా ఆవిడ వెళ్లి తమ్ముడికి ఫోన్ చేసింది.

అతను జగిత్యాల నుంచి బండి మీద వచ్చి, నేను తిట్టి పక్కన పెట్టిన తన సాఫ్ట్‌వేర్‌నే తెరిచాడు. అందులో ఒక పేజీ ఉంది, ఏ తీగలో ఏం జరుగుతోందో చిన్న చిన్న దీపాల్లా చూపిస్తుంది. ఎవరూ ముట్టకుండానే ఎడమ కొస స్విచ్ దీపం వెలుగుతోంది. వెళ్లి బంతిపూలు పక్కకు జరిపి చూస్తే, అమ్మ కట్టిన దారం పట్టాతో పాటు స్విచ్ మీటను కూడా బిగించి పట్టుకుని ఉంది. కొసకు వచ్చేశాననుకుని మిషన్ బిర్రబిగుసుకుందన్న మాట! నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కత్తెర అందుకున్నానో లేదో అమ్మ గయ్‌మంది.

"పూజ దారం తెంపుతవారా కొడుకా? ఎండి దానంతటదే ఊడాలె గని, గట్ల తెంపద్దు! గా సాంచాలకు కట్టింది ఎన్నడన్న తెంపినమా?"

నిజమే, మా ఇంట్లో ఎన్నడూ తెంపలేదు. అమ్మను బతిమాలుకునేలోపు మా బామ్మర్ది ఆమె పక్కనే నిలబడి నవ్వాడు.

"అత్తమ్మా, నీ దారాన్ని ఎవ్వలు ముట్టరు. గా దిక్కు చూడకు, గీ దిక్కుకెళ్లి మొదలువెట్టుమని మిషన్‌కే చెప్తం."

ఎడమ స్విచ్ మాట వినొద్దని, ఇంటి గుర్తు కుడి కొసన పెట్టుకొమ్మని ఏవో రెండు మూడు చోట్ల మార్చాడు. బండి కదిలి, కుడి కొసను తాకి, కట్టె మీదికి వచ్చి మొదటి చిలక ముక్కు గీసింది. అమ్మయ్య! అంత హాయి నాకు గల్ఫ్ నుంచి దిగిన నాడు కూడా కలగలేదు. పొద్దు గూకేసరికి పైకొయ్య ఆటో ఎక్కింది, తెల్లారి రాయికల్‌లో దర్వాజ నిలబడింది, ఆ వారం నేను జగిత్యాల పోయి పాస్‌పోర్ట్ వెనక్కి తెచ్చుకున్నాను.

ఆ తర్వాత నాకు అంకెల భయం పోయిందనుకునేరు, పోలేదు. అన్నీ మార్చుకోగల ఆ సాఫ్ట్‌వేర్‌లోనే మా బామ్మర్ది నా కోసం పెద్ద బటన్లు అమర్చి, వాటి మీద తెలుగులో నడువు, ఆగు, ఇంటికి పో అని రాసిచ్చాడు. సులువూ దొరికింది, కావలిస్తే లోపలికి పోయే దారీ తెరిచే ఉంది. బీడీల చాట పక్కన పెట్టి మా ఆవిడ ఆ బటన్ల మీదే మిషన్ నేర్చుకుంది, నాకంటే నిదానంగా, నాకంటే చక్కగా. ఇంటికి పో అన్న బటన్ నొక్కినప్పుడల్లా నావైపు చూసి నవ్వేది.

ఇప్పుడు అమ్మ లేదు. మొన్న దసరా నాడు పసుపు కొమ్ము పట్టుకుని మా ఆవిడ కొత్త మిషన్ ముందు నిలబడి, ఎక్కడ కట్టాలని అడిగింది. ఎక్కడైనా కట్టమ్మా, దీనికేం అడ్డం రాదని మా అమ్మాయి చెబితే ఆమె నిశ్చింతగా కట్టేసింది, మిషన్ మర్నాడు పొద్దున బటన్ నొక్కగానే నడిచింది. ఏ తిప్పలూ లేని రోజులు రావాలనే కదా ఇన్నేళ్లు కష్టపడ్డాం, నాకూ సంతోషమే. కానీ ఆ దారం గాలికి అటూ ఇటూ ఊగుతుంటే, మా అమ్మే ఉండి ఎంత గట్టిగా కట్టినా ఇక ఇక్కడ దేన్నీ ఆపడానికి వీల్లేదు కదా అనిపించి, కాసేపు దాని దగ్గరే నిలబడ్డాను.