చింతగింజ దిగే స్టేషన్

మా అల్లుడు తాండూరు బండలు లారీలో వేసుకొని ఊళ్లు తిరిగే డ్రైవర్. ఒకసారి హైదరాబాదు నుంచి వస్తూ తన బిడ్డకు చెక్క పట్టాల రైలు తెచ్చాడు. అట్టపెట్టె నిండా చెక్క ముక్కలు. కొన్ని తిన్నగా, కొన్ని వంపుగా ఉన్నాయి. ఒకదాని చివర గుండు, ఇంకోదాని చివర గుంత. రెండూ బిగిస్తే పట్టా సాగుతుంది. ప్రతి ముక్క మీదా చక్రాలు నడవడానికి రెండు గాడులు. ఇంజనులో సెల్లులు వేసి నెత్తిమీది మీట నొక్కితే డబ్బాలను లాక్కుంటూ తనే పరుగెత్తుతుంది.

ఇంజను మంచిదే. నా మనవరాలికి మాత్రం మొదటి రోజే దాని మీద కోపం వచ్చింది.

ఆ కోపం ఎందుకో తెలియాలంటే అప్పటి మా ఇంటి సంగతి చెప్పాలి. నా బిడ్డ రక్తపరీక్షలు చేసే కోర్సు చదివింది. పిల్ల పుట్టాక ఇంట్లోనే ఉండిపోయింది. పిల్లకు నాలుగేళ్లు వచ్చాక వికారాబాదులో ఒక ల్యాబ్‌లో నౌకరి దొరికింది. పొద్దున తాండూరులో రైలెక్కి పోవాలి, సాయంత్రం రైలుకు రావాలి. కొన్నాళ్లు పని చూసి పక్కా చేస్తామన్నారు. పిల్లను చూసుకోవడానికి నేను యాలాల్ దగ్గరి మా ఊరి నుంచి బట్టల సంచితో తాండూరుకు వచ్చేశాను.

మొదట్లో పిల్లను స్టేషన్‌కు తీసుకుపోయేదాన్ని, అమ్మకు టాటా చెబుతుందని. దానితో ఇంకా కష్టమయింది. బండి కదలగానే ప్లాట్‌ఫాం మీద పడి పొర్లేది. మాన్పించాను. అప్పుడు గడప దగ్గరే తల్లి చున్నీ పట్టుకొని వేలాడటం మొదలుపెట్టింది. ఆ చున్నీ విడిపించుకునే లోపల ఒకసారి బండి తప్పింది. ఇంకోసారీ తప్పింది. బస్సులో పోయి ఆలస్యంగా చేరితే, మళ్లీ లేటయితే రానక్కర్లేదని ల్యాబ్ ఆయన చెప్పేశాడు.

ఆ సాయంత్రం బిడ్డ చెప్పులు కూడా విడవకుండా గడప మీద కూర్చుంది.

"అమ్మా, ఇగ నాతోని కాదు. మానేస్త."

"మానేసి?"

"ఇంట్ల ఉంట. పొల్ల జర పెద్దగైనంక చూద్దాం."

"అప్పటిదాంక నీ నౌకరి నీ కోసం కూసుంటదా? నువ్వు పో. పొల్ల ఫికర్ నాది."

"నువ్వేం జేస్తవ్?"

"ఏదో ఒకటి చేస్త. నీ దగ్గర ఏడ్చే బదులు నా దగ్గర ఏడుస్తది. ఇల్లయితే కూలది గద."

నవ్వించడానికే అన్నాను కానీ, చేయగలననే నమ్మకం నాకు నిజంగానే ఉంది. కొత్త పనికి భయపడే వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది.

రైలు పెట్టె విప్పింది ఆ వారంలోనే. నాపరాళ్ల గచ్చు మీద పట్టాలు గుండ్రంగా పేర్చాను. మనవరాలు వంటింట్లోంచి ఒక చింతగింజ తెచ్చింది. అద్దానికి అంటించి ఉన్న తల్లి బొట్టుబిళ్ల ఒకటి పీకి ఆ గింజకు పెట్టింది.

"గిది అమ్మ," అని డబ్బాలో కూర్చోబెట్టింది.

నేను మీట నొక్కాను. రైలు కదిలింది. ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. పిల్ల దాని వెంట మోకాళ్ల మీద పాకుతూ అరవసాగింది.

"ఆగు! అమ్మ దిగాలె! అమ్మ దిగాలె!"

బండి ఆగదు కదా. అది గిర్రున తిరుగుతూనే ఉంది. పిల్ల గొంతు ఏడుపులోకి దిగింది. నేను చేయి చాపి మీట నొక్కి ఆపాను.

"అగో, ఆగింది. దింపు."

"నువ్వు ఆపినవ్. బండి ఆగలే," అన్నది కళ్లు తుడుచుకుంటూ. "అమ్మ పోయే బండిని నువ్వు ఆపుతవా?"

పిల్ల పట్టాలను కాలితో తన్ని మంచం కిందికి దూరింది.

అప్పుడు నాకు తట్టింది. అమ్మ ఎక్కడం ఈ పిల్ల చూసింది. అమ్మను మోసుకొని బండి కంటికి కనబడకుండా పోవడం చూసింది. అమ్మ దిగడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆ బండి ఎక్కడో ఒక చోట ఆగుతుందని దానికి ఎవరు చెప్పారు?

బండి ఆగడం విలువ నాకు తెలుసు. నేను అక్షరాలు నేర్చుకున్నది తల నెరిశాక. బండల పాలిష్ మిషన్ దగ్గర పని చేసి వచ్చాక, సాయంత్రం పూట మా పొదుపు సంఘం ఆడవాళ్లకు ఒక టీచరమ్మ చెప్పేది. పలక మీద నేర్చినవి పలక మీదే ఉండిపోయేవి. అప్పుడు నా బిడ్డ వికారాబాదులో చదువుకుంటున్నది. దాన్ని చూడటానికి పాసింజరు బండిలో పోయేదాన్ని. ఆ బండి ప్రతి స్టేషన్‌లో ఆగేది. ఆగినప్పుడల్లా కిటికీలోంచి పసుపు బోర్డు మీది పేరు కూడబలుక్కునేదాన్ని. ఎక్స్‌ప్రెస్ ఎక్కిన రోజు ఒక్క పేరూ అందలేదు. అన్నీ పసుపు చారల్లా వెనక్కి పోయాయి. మొదటిసారి ఒక పేరు పూర్తిగా చదివినప్పుడు నా గొంతు నాకు తెలియకుండానే లేచింది.

"ధారూర్!"

పక్క సీటు ఆమె నా సంచి అందుకొని, "ఔ, ధారూరే. దిగుతవా?" అంది.

"దిగ. చదివిన," అన్నాను.

కాబట్టి బొమ్మ రైలు కూడా ఆగాలి. అదీ తనంతట తనే ఆగాలి.

మా పెరట్లో బండ పెచ్చులకు కొదవ లేదు. గాడుల నడుమ చెక్క మీద ఒక పెచ్చు పెట్టాను. చక్రాలు కాస్త పైకి లేస్తే గాలిలో తిరుగుతాయి, బండి నిలబడుతుందని నా లెక్క. ఇంజను వచ్చి పెచ్చును గుద్దుకొని పల్టీ కొట్టింది. చింతగింజ ఎగిరి గుమ్మం దగ్గర పడింది.

"అమ్మ పడ్డది!" అని పిల్ల లబోదిబోమంది.

ఆ అరుపుకు పక్కింటామె పరుగెత్తుకొచ్చింది. ఆమె పుట్టిల్లు కర్ణాటక వైపు, చిన్నపిల్లలను పుట్టీ అని పిలుస్తుంది.

"ఏమైందే పుట్టీ? ఏందక్కా, గీ వయసుల రైలాట ఆడుతున్నవా?"

"ఆడుతున్న. సిగ్నల్ ఇచ్చేటోళ్లు లేరు, జర వచ్చి చేయి పైకెత్తి నిలబడు."

"నిలబడత గానీ, నీ బండి కింద పడి చస్త!"

ఆమె నవ్వుతూనే కూర్చుంది. నేను పెచ్చును నీళ్లు చల్లిన గచ్చు మీద అరగదీశాను. పలచగా, వచ్చే వైపు అంచు వాలుగా. ఏళ్ల తరబడి చేసిన పని, చేతికి చెప్పనక్కర్లేదు. జిగురుతో అంటించి, ఆరాక మీట నొక్కాను. ఇంజను వచ్చింది, పెచ్చు మీదికి పొట్టతో ఎక్కింది. చక్రాలు బుర్రుమని తిరుగుతున్నాయి. బండి మాత్రం కదల్లేదు.

పిల్ల గచ్చుకు చెంప ఆనించి చూసింది. ఎవరూ ముట్టుకోలేదు. బండే ఆగింది. రెండు వేళ్లతో చింతగింజను తీసి పక్కన పెట్టింది.

"అమ్మ దిగింది," అన్నది మెల్లగా.

గింజను దింపాక ఇంజనును వెనక నుంచి వేలితో నెడితే బండి పెచ్చు దాటి మళ్లీ సాగింది. ఆ నెట్టడం తన పనే అని పిల్ల తేల్చేసింది. నోటితో విజిల్ కూడా వేసింది.

మరునాడు ఇంకో రెండు పెచ్చులు అరగదీశాను. పెట్టె అట్టను కత్తిరించి, పసుపు కలిపి పూసి, నల్ల స్కెచ్‌తో తాండూరు, ధారూర్, వికారాబాద్ అని రాసి, వికారాబాదు నుంచి ఇంటికొచ్చే దారిలో ధారూర్ పడేటట్టు నిలబెట్టాను. సాయంత్రం నా బిడ్డ వచ్చి చెప్పులు విడుస్తూనే మూడు పేర్లూ పైకి చదివింది. నేను రాసింది ఇంకొకరు చదువుతుంటే వినడం నాకు అదే మొదటిసారి. సంతోషం బయటికి కనబడనివ్వకుండా టీ పెట్టడానికి లేచాను.

పొద్దున్నే చింతగింజ తాండూరులో ఎక్కడం, వికారాబాదులో దిగడం, పొద్దుగూకే వేళకు తిరిగి ఎక్కడం మా ఇంటి పద్ధతి అయింది. చున్నీ పట్టుకోవడం ఒక్కసారిగా పోలేదు. కానీ పట్టు సడలింది. బిడ్డకు బండి అందుతున్నది.

వాన పడిన ఒక సాయంత్రం ఫోను మోగింది.

"అమ్మా, బండి ధారూర్ల ఆపిండ్రు. ఎప్పుడు ఇడుస్తరో తెల్వది. పొల్ల ఏడుస్తున్నదా?"

"ఏడుస్తలేదు. నువ్వు కిటికీ మూసుకో, తడుస్తవ్."

అన్నానే గానీ, పిల్ల వైపు చూడటానికి జంకాను. అది ఫోనులో మాట విననే విన్నది. లేచి పోయి, చింతగింజ ఉన్న రైలును ధారూర్ బోర్డు దగ్గర పెచ్చు మీదికి ఎక్కించి, మీట ఆపేసింది.

"పెద్ద బండి పోవాలె. గందుకే ఆపిండ్రు," అని, ఆటలో ఎప్పుడో నేను చెప్పిన మాటనే నాకు చెప్పింది, నాకేమీ తెలియనట్టు. నేను కలిపి పెట్టిన పప్పన్నం ఆ బోర్డు పక్కనే కూర్చొని తిన్నది. నడుమ ఒకసారి చింతగింజకూ ఒక మెతుకు పెట్టింది.

నా బిడ్డ తలుపు తోసుకొని వచ్చేసరికి నిలువునా తడిసి ఉంది. చేతులు చాపి పిల్ల వైపు వంగింది. పిల్ల అరచేయి అడ్డం పెట్టింది.

"ఆగు. నువ్వు ఇంక దిగలే."

తల్లి అక్కడే గడప మీద నీళ్లు కారుతూ నిలబడింది. పిల్ల మీట నొక్కి, ధారూర్ నుంచి బండిని నెట్టింది. అది వంపు తిరిగి, తాండూరు బోర్డు దగ్గర పెచ్చు ఎక్కి ఆగింది. చింతగింజను తీసి గచ్చు మీద పెట్టాక తలెత్తింది.

"ఇగ రా."

అప్పుడు పరుగెత్తి పోయి ఆ తడి బట్టలనే చుట్టేసుకుంది.

నౌకరి పక్కా అయింది. ఇప్పుడు పొద్దున పూట తల్లి దువ్వెన వెతుక్కుంటూ తిరుగుతుంటే, "జల్ది పోమ్మా, బండి పోతది," అని తరిమేది మనవరాలే. మొన్న అలా తరిమాక నా బిడ్డ మెట్ల మీద ఆగి, "జరంత గూడ ఏడుస్తలేదు గదమ్మా," అన్నది నాతో.

"నువ్వు నడువు," అన్నాను.

లోపల రైలు మెల్లగా ఈడ్చుకుంటూ పోతున్నది. పెచ్చు ఎక్కడానికి కూడా దానికి బలం లేదు.

"అమ్మమ్మా, సెల్లులు అయిపోయినయ్. జల్ది మార్చు. అమ్మ వికారాబాద్‌ల దిగాలె."

కళ్లద్దాలు పెట్టుకొని, మూత లోపల గుర్తులు చూసి, కొత్త సెల్లులను ఏ కొస ఎటు ఉండాలో అటు పెట్టి మూత బిగించాను.