మా అత్త ముక్కు, కొండ సాంబ్రాణి

పోయిన నెల మా అత్త చనిపోయింది. ఎనభై దాటిన మనిషి. పొద్దున సంగటి గట్టిగా ఉందని నన్ను తిట్టి, రెండు ముద్దలూ తిని, మధ్యాహ్నం పడుకుని ఇక లేవలేదు. పాకాలలో మా వీధి వీధంతా వచ్చింది. తలాపున ఎవరో సాంబ్రాణి పొగ వేస్తే, పక్కింటామె కళ్లు తుడుచుకుంటూనే నా చెవి దగ్గరికి వంగి, "ఇది మంచిదేనా మే? ఆమెకు తెలిస్తే ఊరుకోదు" అంది.

ఆ భయానికి కారణం ఉంది. మా వీధిలో సాంబ్రాణి కొన్నవాళ్లు ముందు మా అత్తకు చూపించాల్సిందే. గృహప్రవేశమైనా, పసిబిడ్డకు తలంటి పొగ వెయ్యాలన్నా పొట్లం మా ఇంటికి వచ్చేది. ఆమె చిటికెడు నిప్పుల మీద చల్లి, కళ్లు మూసుకుని, కాసేపాగి తీర్పు చెప్పేది. తీర్పులు రెండే. ఒకటి సాంబ్రాణి, రెండోది రంపపు పొట్టు.

ఆ అధికారం ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. వాళ్లది తిరుమల కొండల అంచున ఉన్న పల్లె. వాళ్ల నాయన చిన్నప్పుడు ఆమెను వెంటబెట్టుకుని అడవికి పోయి కొండ సాంబ్రాణి చెట్ల బంక ఏరుకొచ్చేవాడట. మన కొండల్లో తప్ప ఆ చెట్టు ఇంకెక్కడా పెద్దగా కనబడదు. ఆకంతా రాల్చేసుకుని, కాగితం పొరల్లా బెరడు ఊడుతూ నిలబడుతుంది. ఇప్పుడవి తగ్గిపోయాయి, బంక తియ్యనివ్వరు. ఆ రోజుల్లోనే ఆయన చెట్టుకు కత్తి తగలనిచ్చేవాడు కాదట. "దానంతట అది కారిస్తే తీసుకోవాల. ఏడిపించి తెచ్చింది దేవుడి ముందర పెట్టేదానికి పనికిరాదు" అని ఆయన మాటను ఆమె వందసార్లు చెప్పి ఉంటుంది.

ఇక అసలు సంగతి. ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను, ఆమె ఉన్నన్నాళ్లూ నిలబెట్టుకున్నాను. చివరి ఆరేడేళ్లు మా అత్తకు వాసన తెలియదు.

ఏదో జ్వరం తర్వాత పోయింది. ఆమె పొయ్యి పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుండగా పాలు మాడి గిన్నె నల్లబడిపోయింది. మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న నాకు వాసన కొట్టి పరిగెత్తుకొచ్చాను. ఎందుకట్లా ఉరుకుతున్నావని ఆమె నన్నే అడిగింది. మాడిన గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాను. తర్వాత నా చెయ్యి తీసి తన తలమీద పెట్టుకుంది.

"నీ మొగుడికి గూడా చెప్పొద్దు మే. ఈ వీధిలో నాకుండే మర్యాదంతా ఈ ముక్కే."

తీర్పులు మాత్రం ఆగలేదు. పొట్లం వచ్చినప్పుడల్లా నేను ఆమె వెనక నిలబడాలి. సరుకు నకిలీదైతే దగ్గాలి. అదీ ఒప్పందం.

కొన్నాళ్లకు స్టేషన్ దగ్గర పూజాసామాన్ల అంగడి ఆయనకు కోపమొచ్చింది. మా అత్త తన సరుకును రెండుసార్లు పొట్టు అనేసరికి బేరాలు పడిపోయాయట. ఒక శుక్రవారం మూడు పొట్లాలు పట్టుకుని, నలుగురిని వెంటేసుకుని వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. మూడింటిలో ఒకటే అసలైన కొండ సాంబ్రాణి అని, అది ఏదో చెప్పమని, చెప్పలేకపోతే ఇకమీదట ఎవరి సరుకుకూ వంక పెట్టకూడదని అన్నాడు.

ఆయనే ఒక్కో పొట్లం విప్పి నిప్పుల మీద చల్లాడు. మొదటిదానికే పొగ గుప్పున నా గొంతులోకి పోయింది. ఒప్పందం ప్రకారం కాదు, నిజంగానే దగ్గు పట్టుకుంది. రెండోదానికీ ఆగలేదు. మూడోదానికి కళ్లనిండా నీళ్లతో వంటింట్లోకి పరిగెత్తాను. ఆమె పరువు నేనే తీశానని చేతిలో నీళ్ల చెంబుతో అట్లాగే నిలబడిపోయాను. అరుగు మీద నుంచి మా అత్త గొంతు నింపాదిగా వినిపించింది.

"మూడూ పొట్టే అప్పా. ఒగే మూటలోది."

అంగడి ఆయన మూడు పొట్లాలూ మళ్లీ కట్టేశాడు. పరీక్ష పెట్టాలనే మూడూ ఒకే మూటలోంచి తెచ్చానని ఒప్పుకుని, దండం పెట్టి వెళ్లాడు. అప్పట్నుంచి సరుకు దిగితే ముందు మా ఇంటికే పంపేవాడు.

నా దగ్గే కాపాడిందని ఆ సాయంత్రం కాస్త గొప్పలు పోయాను. ఆమె నవ్వింది. "నీ దగ్గును నమ్ముకుంటే మునిగిపోయేదాన్నే. నేను వాడి మొగం సూసినా. ఒగటన్నా మంచిదైతే, దాన్ని నిప్పులో వేసేటప్పుడు మనిషి కండ్లు మారతాయి. మూడు తూర్లూ ఒగే మొగం పెట్టినాడు" అంది. మరి నన్నెందుకు వెనక నిలబెట్టుకోవడమని అడిగితే, తోడుకని చెప్పింది.

నిరుడు తిరుపతిలో ఒక పెళ్లికి పోయినప్పుడు, కొండ కింద ఒక తోటలో ఆ చెట్టు ఉందని విని తీసుకెళ్లమంది. ఆకు లేని చెట్టు, కాండానికి పేరు పలక. కొమ్మ విరిగినచోట పసుపుపచ్చ బంక చుక్క ఒకటి గడ్డకట్టి ఉంది. ఆమె రెండు చేతులతో చెట్టును పట్టుకుని, ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది. ఇంకోసారి పీల్చింది. తర్వాత నావైపు తిరిగింది.

"నువ్వు సూసి చెప్పు మే."

వంగి చూశాను. నాకు ఇవన్నీ చెప్పడం చేతకాదు. పచ్చి మామిడికాయ తుంచినట్టుందన్నాను, ఆ వెనక కర్పూరంలా చల్లగా ఉందన్నాను. ఆమె కళ్లు మూసుకుని వింటోంది. నిమ్మతొక్క వాసన రాలేదా అని అడిగింది. మళ్లీ వంగాను. నిజంగానే ఉందో, ఆమె అన్నాక వచ్చిందో ఈరోజుకీ నాకు తెలియదు.

"ఉండాది అత్తా" అన్నాను.

తిరుగు బస్సులో ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ముక్కు కొనకు సన్నటి బెరడు పొర ఒకటి అంటుకుని, ఊపిరి తీసినప్పుడల్లా వణుకుతోంది. పాకాల వచ్చేదాకా దాన్ని చూస్తూనే కూర్చున్నాను.