ఎండిన వాగులో చెలమ

నిరుడు ఎండాకాలం అమెరికాలోని ఆరిగాన్ ఎడారికి మా అమ్మాయి సునంద వెంట వెళ్ళాను. కొండలూ వాగులూ కొలిచి మ్యాపులు తయారుచేయడం దాని ఉద్యోగం. అక్కడ పశువుల రాంచ్ నడిపే ఒక ముసలావిడ ఎండిన వాగు దగ్గర మమ్మల్ని ఆపింది. అంతకుముందు కారు చెడిపోయిన ఒకాయన, మ్యాప్‌లో నీళ్ళ గుర్తు లేదని ఈ వాగు దాటి నడిచిపోయి, దాహంతో స్పృహ తప్పి పడిపోయాడట. ఇక్కడ నీళ్ళున్నాయని గుర్తు పెట్టమని ఆవిడ పట్టుబట్టింది.

“డ్రోన్‌లో అంతా డ్రైగానే ఉందమ్మా, ఎలా మార్క్ చేయను?” అంది సునంద నాతో. అదే మాట ఇంగ్లీషులో ఆవిడకీ చెప్పింది.

“మీ డ్రోన్‌కి దాహం వేయదుగా!” అందట ఆవిడ.

అని, మోకాళ్ళ మీద కూర్చుని ఇసుక తోడసాగింది. మా అనంతపురం వైపు ఏటి ఇసుకలో చెలమ తీసి నీళ్ళు పట్టుకునేవాళ్ళం. ఆ పని అమెరికాలోనూ చేస్తారని నేననుకోలేదు. నేనూ ఎదురుగా కూర్చుని తోడాను. మోచేతి లోతున ఇసుక తడిగా తగిలింది. కాసేపటికి నీళ్ళు ఊరాయి.

సునంద టాబ్లెట్‌లో మ్యాప్ మీద నీళ్ళ గుర్తుగా నీలం చుక్క పెట్టింది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, తెర మీద వేలుపెట్టి ఏదో అంది.

“ఇంకొంచెం ఎడమకి జరపాలట,” అంది సునంద.