జానెడు మించని ఊపు

ఆ టవర్ లెక్క మళ్లీ మొదటికొచ్చిందని తెలిసినప్పుడు పద్మశ్రీకి కోపం కూడా రాలేదు. కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంది. ఆదిత్యపూర్‌లో ప్రెషర్ వెసల్స్, అంటే లోపలి ఒత్తిడిని తట్టుకునే పెద్ద పెద్ద ఉక్కు పాత్రలు, టవర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆమె డిజైన్ ఇంజనీరు. చేరినప్పుడు జడలో తెల్లవెంట్రుక లేదు. ఇప్పుడు నల్లవి వెతుక్కోవాలి.

పన్నెండంతస్తుల ఎత్తున సన్నగా నిలబడే ఉక్కు టవర్ అది. గాలికి కాస్త ఊగక తప్పదు. కానీ దాని తల జానెడుకి మించి పక్కకి వంగకూడదని కొనేవాళ్ల షరతు. మొదట అడుగున మందం రేకు పెట్టింది. బరువెక్కువైందని యజమాని హరిప్రసాద్ కొట్టేశాడు. రేకు తగ్గించి, నిచ్చెననీ గొట్టాలనీ ఒకదాని చాటున ఒకటి వచ్చేలా జరిపి, గాలి తగిలే మేర తగ్గించింది. లెక్క కుదిరింది. అంతలో కొనేవాళ్లు పైన మరో ప్లాట్‌ఫారం కావాలన్నారు. దానికి గాలి తగిలి ఊపు జానెడు దాటింది.

"థోడా అడ్జస్ట్ చెయ్యండి మేడమ్. కూలిపోదు కదా?" అన్నాడు హరిప్రసాద్.

"కూలదు సార్. ఊగుతుంది."

"ఊగితే ఏటవుద్ది?"

ఆమె దగ్గర దానికి అంకెలే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఒక్క టవరూ ఎక్కలేదు.

మర్నాడు, షరతు అంత గట్టిగా లేని రోజుల్లో తాము కట్టిన పాత టవర్ దగ్గరికి వెళ్లింది. అక్కడి ఫిట్టర్ అమర్ ఆమెకి సేఫ్టీ బెల్టు తగిలించి ముందు నడిచాడు. పైకి చేరేసరికి గాలి ఎత్తుకుంది. పాదాల కింద ఇనుము మెల్లగా పక్కకి జరిగింది, ఆగింది, వెనక్కి వచ్చింది. ఆమె రెండు చేతులా రెయిలింగ్ పట్టుకుంది. అమర్ ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుని, రెండో చేత్తో వాల్వ్ బిగిస్తున్నాడు.

"గాలి ఎక్కువైతే ఏం చేస్తారు?" అని అడిగింది.

"తగ్గీదాకా కూకుంటామక్కా. ఏటి సేత్తాం?"

ఆ మాట అతను నవ్వకుండా, విసుక్కోకుండా అన్నాడు. లెక్క మొదటికొచ్చిన ప్రతిసారీ పలికే తన గొంతే విన్నట్టనిపించింది ఆమెకి.

దిగొచ్చి హరిప్రసాద్‌తో, "నాతో ఒక్కసారి పైకి రండి సార్. అక్కడ నిలబడి సరే అనండి. డ్రాయింగ్ మీద సంతకం పెట్టేస్తాను," అంది.

అతను రాలేదు. రెండ్రోజులు మొహం ముడుచుకుని, చివరికి అడుగున మందం రేకుకి ఒప్పుకున్నాడు. బరువు మారింది కనుక పునాది, క్రేన్‌తో ఎత్తే కొక్కేలు, అన్ని లెక్కలూ ఆమె మళ్లీ మొదట్నించి చేసింది.

టవర్ ట్రైలర్ మీద బయల్దేరిన రోజు ఎవరూ ఆమెకి చెప్పలేదు. సాయంత్రం పర్సుడీహ్‌లో ఇంటికి చేరి గుమ్మంలోనే కూలబడింది.

"ఇయాలైనా అయిందేటే?" అంది తల్లి అసిరమ్మ, మంచినీళ్లు అందిస్తూ.

"అది అయిందమ్మా. ఇంకోటి వచ్చింది."