రబ్బరు ఉంగరం

చింతామణిలోని మా మండీలో తూకం యంత్రం నా కుర్చీకి నాలుగు అడుగుల దూరంలో ఉంటుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దాని మీదికి చింతపండు బుట్టలు, వేరుశనగ బస్తాలు ఎక్కుతాయి, దిగుతాయి. నేను మాత్రం ఎనిమిది నెలలు దాని మీద కాలు పెట్టలేదు. దాని పక్క నుంచి పోవాల్సి వస్తే గోడవైపు ఒదిగి పోయేవాణ్ణి.

కారణం భయం. కడుపులో క్యాన్సర్ గడ్డ ఉందని బెంగళూరు ఆస్పత్రిలో నా కడుపు సగం తీసేశారు. ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ ఒక్క మాట గట్టిగా చెప్పింది. బరువు చూసుకుంటూ ఉండండి, తగ్గుతూ పోతే ఒక్కరోజు కూడా ఆగకుండా రండి అని. ఆ రోజు డెబ్బై కిలోలు ఉన్నాను. ఆ తర్వాత రెండుసార్లు రమ్మంటే ఒకసారి చింతపండు సీజనని, ఒకసారి కారు బాగాలేదని ఎగ్గొట్టాను. ఎవరైనా అడిగితే డెబ్బై నాలుగు అని చెప్పేవాణ్ణి. ఇది ఉత్త అబద్ధం కాదని నాకు నేను సర్దిచెప్పుకోవడానికి ఒక సాక్ష్యం కూడా ఉండింది. నా చొక్కాలు. ఆపరేషనుకు ముందు వేసుకున్న చొక్కాలే ఇప్పుడూ వేసుకుంటున్నాను, ఒంటికి మునుపటిలాగే అతుక్కుని ఉన్నాయి. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి పక్కలు లాగి చూసుకుని, ఫర్వాలేదు అనుకుని మండీకి పోయేవాణ్ణి.

మా బావమరిదికి బాగేపల్లిలో ఎరువుల అంగడి ఉంది. పన్నెండేళ్ళ పాటు ఆదివారాలు మేమిద్దరం గుడిబండె అవతలి రాళ్ళకొండ మీద సైకిళ్ళు తొక్కాం. దాన్ని ఎండ్యూరో అంటారు. ఎక్కేటప్పుడు ఎంత ఆలస్యమైనా ఎవరూ పట్టించుకోరు, దిగేటప్పుడే గడియారం చూస్తారు. ఆ దిగడంలో నేను మొనగాణ్ణి. బండరాళ్ళ మధ్య, ముళ్ళకంపల మధ్య బ్రేకు మీద వేలు ఆనించి ఆనించకుండా దిగుతుంటే, మండీ, బేరాలు, మోకాలి నొప్పి ఏవీ గుర్తుండేవి కావు. ఆపరేషన్ అయిన నాలుగో నెలలో ఒక ఆదివారం పాత సైకిలు తీసుకుని పోయాను. మొదటి మలుపు కూడా ఎక్కలేదు. రాయి మీద కూర్చుని, పొద్దున తాగిన రాగి జావంతా కక్కుకున్నాను. బావమరిది నా సైకిలు కూడా తనే తోసుకుంటూ కిందికి తెచ్చాడు. దారంతా ఒక్క ఎగతాళి మాట కూడా అనలేదు. వాడు నన్ను ఎగతాళి చేయకపోవడమే ఆ రోజు నాకు అన్నిటికంటే భయమేసిన సంగతి.

ఎక్కలేనివాడికి దిగడం ఎక్కడిది? మోటారున్న సైకిలు కావాలి. ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్నది, కొండ దిగడానికి చేసినది. రెండు నెలలు ఫోను వదల్లేదు. వెనక చక్రం ఎంత లోతుకు దిగుతుంది, నూట అరవై మిల్లీమీటర్లు చాలా, నూట డెబ్బై కావాలా? రెండు చక్రాలూ పెద్దవి ఉండాలా, వెనకది చిన్నదైతే మలుపుల్లో సులువా? మోటారు బలమైనదైతే బ్యాటరీ పెద్దది, బ్యాటరీ పెద్దదైతే సైకిలు ఇరవై అయిదు కిలోలు. తేలికది కావాలంటే మోటారు చిన్నది. మండీకి వచ్చిన చాకవేలు ఊరి రైతు బస్తా బరువు చెప్పమని మూడుసార్లు అడిగితే గానీ తల ఎత్తనంతగా అందులో మునిగిపోయాను. నిజం చెప్పాలంటే అది సైకిలు ఎంచుకోవడం కాదు. సరైన సైకిలు దొరికితే నేను మళ్ళీ నేనవుతానని, డాక్టరమ్మ చెప్పిన భయం ఉత్తదైపోతుందని గుడ్డిగా నమ్మాను. అంతకంటే పట్టుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

"రెండు నెల్లుగా చూస్తాండావు బావా. పెండ్లికి పిల్లను చూసినా ఇంతసేపు పట్టదు" అన్నాడు బావమరిది ఒకరోజు మండీకి వచ్చి.

"పెద్ద మోటారుదే తీసుకుంటా."

"వద్దు, తేలికది తీసుకో. కొండ నడిమిట్లో ఆ మూడు బండల కాడ సైకిలు చేత్తో ఎత్తల్ల కదా. ఇరవై అయిదు కిలోలు యాడ ఎత్తుతావు?"

"బస్తాలెత్తినోణ్ణి, నాకు చెప్తాండావా?" అని కసురుకున్నాను.

"అది అప్పుడు" అన్నాడు. అనేశాక నా ముఖం చూడలేక, రాలిన వేరుశనగ కాయలు ఏరుతూ కూర్చున్నాడు. నేను ఆ పూట వాడికి టీ కూడా చెప్పలేదు.

చివరికి చిక్కబళ్ళాపురంలో ఒక సైకిళ్ళ షాపులో రెండు రకాలూ ఎక్కి చూడొచ్చని తెలిసింది. బావమరిది కారు తెచ్చాడు. నా భార్య, "నేనూ వస్తానప్పా" అని పెరుగన్నం డబ్బా, నీళ్ళ సీసా పట్టుకుని వెనక సీట్లో ఎక్కింది. నాకు గంటకోసారి రెండు ముద్దలు పెట్టడం అప్పటికి ఆమె పనైపోయింది.

షాపులో ముందు పెద్ద మోటారు సైకిలు ఎత్తి చూశాను. ముందు చక్రం లేచింది, వెనకది లేవలేదు. బావమరిది గోడ మీది టైర్లను చూస్తున్నట్టు అటు తిరిగాడు. తేలికదాని దగ్గరికి వెళ్ళాను. అది లేచింది. గుండె నిమ్మళించింది.

షాపతను చేతి పంపు తెచ్చి కుదుపులు పట్టే వెనక షాక్ దగ్గర కూర్చున్నాడు. "వెయిట్ ఎంత సార్? హెల్మెట్, నీళ్ళ బ్యాగు అన్నీ కలిపి చెప్పండి. దాన్ని బట్టి గాలి కొడతా."

"డెబ్బై ఎనిమిది" అన్నాను. డెబ్బై నాలుగుకు సరంజామా నాలుగు కలిపాను.

అతను ఏ బరువుకు ఎంత గాలో రాసిన పట్టీ చూసి, ఆ బరువుకు తగ్గ గాలి కొట్టాడు. షాక్ కడ్డీ మీద సన్నటి రబ్బరు ఉంగరం ఒకటి ఉంటుంది. మనిషి కూర్చుంటే షాక్ దిగుతుంది, దాంతోపాటు ఉంగరమూ జరుగుతుంది. మనిషి దిగాక అది ఎక్కడ ఆగిందో చూస్తారు. బరువు సరిగ్గా చెప్పి ఉంటే కడ్డీ మీది గీత దగ్గర ఆగాలి, మనిషి అంతకంటే తేలికైతే ఇవతలే ఆగిపోతుంది. హెల్మెట్ పెట్టుకుని, బ్యాగు తగిలించుకుని కూర్చున్నాను. దిగాను. ఉంగరం గీతకు చాలా ఇవతలే ఆగింది.

"ఏదో తప్పుండాది సార్. మళ్ళా ఒకసారి కూర్చోండి."

మళ్ళీ కూర్చున్నాను, ఈసారి కావాలని బరువంతా వేసి. ఉంగరం ఇవతలే ఉంది.

"నీ పంపు సరిగా లేదు, చూడప్పా" అన్నాను. గొంతు పెరిగింది. అతను లోపలికి పోయి ఇంకో పంపు తెచ్చాడు. అదీ అదే చెప్పింది. ఏం చేయాలో తెలియక నా వైపు చూశాడు. నాకు ఆ ఉంగరాన్ని వేలితో తోసి గీత దగ్గర పెట్టాలనిపించింది.

నా భార్య డబ్బా కింద పెట్టి లేచి వచ్చింది. "గాలి తీస్తా పోప్పా. ఆ ఉంగరం గీత కాడికి వచ్చేదాకా తియ్యి" అంది.

అతను కొంచెం తీసేవాడు, నేను ఎక్కి దిగేవాణ్ణి. అట్లా అయిదుసార్లు. ఆరోసారి ఉంగరం గీత మీద ఆగింది. అతను పట్టీలో వేలు పెట్టి చూసి, "ఈ గాలికి అరవై రెండు ఉండాది సార్" అన్నాడు.

జీవితమంతా బస్తా బరువులోంచి గోనె బరువు తీసేసి చెప్పినవాణ్ణి. నాలుగు తీసేశాను. యాభై ఎనిమిది. నా చొక్కా పక్కలు పట్టుకున్నాను. "చొక్కా సరిపోతాంది కదా" అన్నాను, ఎవరితోనో నాకే తెలియదు.

నా భార్య దగ్గరికి వచ్చి ఆ చొక్కా అంచు మడిచి లోపలివైపు చూపించింది. పక్కన రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ లోపలికి పట్టి, సన్నగా కుట్టి ఉంది. దాని పక్కనే ఇంకో పాత కుట్టు వరస.

"నేనే కుడతాండా. ఉగాది అయినకాణ్ణించి ఇది మూడోసారి" అంది.

"ఎందుకు చెప్పలేదు?"

"పొద్దున అద్దం కాణ్ణించి సంతోషంగా వస్తాంటివి. ఆ ఒక్కటీ చెడగొట్టలేకపోతి. నాకు మాత్రం భయం లేదా?"

షాపులో ముగ్గురూ చూస్తుండగా నేను ఏడ్చాను. సైకిలు తీసుకుంటానని, గాలి మాత్రం ఇంతే ఉండనీ అని షాపతనికి చెప్పాను. కారెక్కాక నా భార్య తమ్ముడితో, "ఇంటికని శిడ్లఘట్ట దారికి తిప్పొద్దు. బెంగళూరికి పోనీ" అంది. నేను కాదనలేదు.

ఆస్పత్రి యంత్రం కూడా యాభై ఎనిమిదే చూపించింది. గడ్డ మళ్ళీ వచ్చింది. ఇంకో రెండు నెలల ముందు వచ్చి ఉంటే బాగుండేదని డాక్టరమ్మ అంది. సరిగ్గా ఆ రెండు నెలలే నేను చక్రాల కొలతలు చూస్తూ గడిపాను. ఈ సంగతి తలుచుకోని రోజు లేదు.

ఇప్పుడు మందులు ఎక్కిస్తున్నారు. సైకిలు మండీలో తూకం యంత్రం పక్కన నిలబడి ఉంది. కొండకు ఇంకా పోలేదు, పోతానో లేదో తెలియదు. ఆదివారం మండీ మూసి ఉన్నప్పుడు హెల్మెట్ పెట్టుకుని, బ్యాగు తగిలించుకుని దాని మీద కూర్చుంటాను. నా భార్య హ్యాండిల్ పట్టుకుంటుంది. దిగాక ఇద్దరం వంగి ఉంగరం చూస్తాం. పోయిన ఆదివారం అది గీతకు కొంచెం ఇవతలే ఆగింది.

ఆమె దాన్ని వేలితో తాకి, "గాలి కొంచెం తీద్దామా?" అంది.

వద్దన్నాను. మధ్యాహ్నం సంగటి ఇంకో పిడికెడు ఎక్కువ పెట్టమన్నాను.