రోజూ విప్పేసే గోడలు

మెల్విన్ హార్ట్ పికప్ బండిలో అతని పక్క సీటు దొరకడం ఫోర్ట్ వేన్‌లో ఒక శిక్ష. ఊరంతా తాపీ పని చేసి ముసలివాడైన మనిషి. ఏ వీధి తిరిగినా స్టీరింగు మీది చెయ్యి తీసి చూపిస్తాడు. "ఆ పొగగొట్టం నాది." "ఆ లూథరన్ బడి ప్రహరీ నాది." "అదిగో, ఆ మెట్లు నావి. పక్కింటివి మాత్రం నావి కావు, చూశావా ఎంత వంకరో!" పెళ్లీ పెటాకులూ లేకుండా అతని ఇంట్లోనే ఉండిపోయిన చెల్లెలు ఆర్డిస్ ఆ పాట వింటూనే సగం ఆయుష్షు గడిపింది.

వినడం కష్టం కాదు. చివర్లో అడిగే మాట ఉంది చూశారూ, అదే కష్టం.

"నీదేదే? ఒక్కటి చూపించవే!"

ఏం చూపిస్తుంది? ఆర్డిస్ పార్సిల్ గోడౌనులో ట్రక్కులకు సరుకు సర్దే మనిషి. మిల్వాకీ వెళ్లే ట్రైలరు ఆమెది. పెయింటు డబ్బాలు, ట్రాక్టరు సామాను, కుర్చీలు, కుక్కల తిండి బస్తాలు, ఒక్కోసారి పియానో కూడాను. ఏ రెండింటికీ పొడుగూ బరువూ కలవవు. వాటన్నిటినీ నేల నుంచి కప్పు దాకా, వేలు దూరనంత బిగువుగా, ఒక గోడ ముందు ఇంకో గోడగా పేర్చుకుంటూ వచ్చి, సాయంత్రానికి తలుపులు మూసి సీలు వేస్తుంది. తెల్లవారి ట్రక్కు బయల్దేరుతుంది. మధ్యాహ్నానికి మిల్వాకీలో ఎవరో ఆ గోడలన్నీ విప్పేస్తారు. ఇక మిగిలేది ఖాళీ ట్రైలరు. దాన్ని చూపించి "ఇది నా పని" అంటే మెల్విన్ లాంటివాడు ఊరుకుంటాడా?

వాళ్ల నాన్న కూడా తాపీమేస్త్రే. కొడుకు చేతికి తాపీ ఇచ్చాడు, కూతురి చేతికి సిమెంటు మాలు బక్కెట్టు ఇచ్చాడు. ఆడపిల్ల గోడ కట్టడమేమిటని ఆ రోజుల్లో అందరూ అనుకున్నట్టే ఆయనా అనుకున్నాడు. ఆర్డిస్ చేతులు బక్కెట్టుకిచ్చి చెవులు మాత్రం నాన్నకి అప్పగించింది. "అతుకు మీద అతుకు పడితే దాన్ని గోడ అనరు, పేకమేడ అంటారు! కింద రెండు ఇటుకలు కలిసేచోట పై ఇటుక నడుము కూర్చోవాలి. ఎన్నిసార్లు చెప్పాలిరా, మొద్దు వెధవా!" అని ఆయన కొడుకును రోజూ తిట్టేవాడు. అలా తిట్లు మెల్విన్‌కు పడ్డాయి, చదువు ఆర్డిస్‌కు వచ్చింది.

ఆ చదువునే ఆమె ట్రైలర్లో వాడింది. పెట్టెల అతుకులు కలవనిచ్చేది కాదు. ఎక్కడ సందు మిగిలినా అట్టముక్క మడిచి దూర్చేది. గోడౌనులో తోటివాళ్లు, "అక్కా, సిమెంటు కూడా తెమ్మంటావా?" అని వేళాకోళం చేసేవారు. "తే నాయనా, ముందు నీ నోటికి మెత్తుతాను" అనేది. నోటికి నోరు సరిపోయేది గాని, రాత్రి భోజనాల దగ్గర మెల్విన్ మళ్లీ అదే ప్రశ్న వేసేసరికి కంచం తీసుకుని లేచిపోయేది. కట్టిన గోడలన్నీ ఏ పూటకాపూట కూలిపోతుంటే, నిజంగానే తను చేసిందేమైనా ఉందా అని ఆమెకూ అనుమానం వచ్చేది.

నిరుడు శీతాకాలం ముందు మెల్విన్ తన ఆఖరి పని ఒప్పుకున్నాడు. మిల్వాకీలో ఒక పాత చర్చి గోడకు నీలం టైల్స్ అతకాలి. ఆ రకం చేసిన బట్టీ ఏనాడో మూతపడింది. ఫోర్ట్ వేన్‌లో పడగొడుతున్న పాత బడిలో అవే టైల్స్ కనిపిస్తే, పసిపిల్ల పాలపళ్లు తీసినంత నెమ్మదిగా తన చేత్తో ఊడదీశాడు. విరిగితే మళ్లీ ఎక్కడా దొరకవు. అన్నీ ఎక్కిస్తే పికప్ చక్రాలు నేలకు అంటుకుపోయాయి.

"నా ట్రైలర్లో పెట్టు," అంది ఆర్డిస్.

"నీ ట్రైలర్లోనా? కుక్కల తిండి పక్కనా? విరిగితే?"

"నేను సర్దినవాటిలో ఒక్క పెట్టె చెడినా ఆ రోజే పని మానేస్తాను. ఆపైన నీ పక్కన కూర్చుని ప్రతి పొగగొట్టానికీ చప్పట్లు కొడతాను, సరేనా?"

మాట జారాక తెలిసింది ఎంత మాటందో. మెల్విన్ నవ్వలేదు. "సరే," అన్నాడు.

తీరా చూస్తే అతను టైల్స్‌ను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి పెట్టెలు నింపుకొచ్చాడు. ఆర్డిస్ నెత్తి కొట్టుకుని అన్నీ తీయించి, కాగితం ఉండలు దూర్చి, అంచుల మీద నిలబెట్టింది.

"ఇటుకని పడుకోబెడతారే, నిలబెట్టరు!"

"గోడలో పడుకుంటుంది. దార్లో నిలబడాలి. పడుకున్నదాని మీద పైవన్నీ కూర్చుని తొక్కుతాయి, అన్నయ్యా."

"నాకు చెప్పొచ్చావు! ఈ ఒక్క పెట్టె నేను పెట్టినట్టే ఉంటుంది. ముట్టుకున్నావంటే ఊరుకోను." ఆ పెట్టెను అలాగే వదిలేసింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా?

మర్నాడు ట్రక్కు వెనకాలే తను కూడా వస్తానని మెల్విన్ పికప్ తీశాడు. ఆర్డిస్ సెలవు పెట్టి పక్కన కూర్చుంది. ఇన్నేళ్లలో తన లోడు అవతల ఎలా దిగుతుందో ఆమె ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు. డ్రైవరు రోస్కో కిటికీలోంచి తల బయట పెట్టి, "ఏంటక్కా, ఊరేగింపా? బాజాలేవీ?" అని నవ్వి బయల్దేరాడు.

గ్యారీ ఊరి దగ్గర ఉక్కు మిల్లులు దాటుతుండగా ఒక ఎర్రకారు ట్రక్కు ముందుకు అడ్డంగా దూరింది. రోస్కో బ్రేకు మీద నిలబడ్డాడు. టైర్ల కింద తెల్లటి పొగ లేచింది. ట్రైలరు అటూ ఇటూ ఊగి, కొద్దిలో నిలదొక్కుకుంది. మెల్విన్ కాఫీ మొత్తం అతని ఒళ్లో పడింది.

తిట్టినా బాగుండేది. అతను షికాగో దాటుతుంటే రోడ్డుకు అటూ ఇటూ అన్ని ఇటుక కట్టడాలు ఉన్నా ఒక్కదాన్నీ వేలెత్తి చూపలేదు. ఆర్డిస్‌కు తలుపు తీయగానే చెక్కపెట్టెలు దొర్లుకుంటూ వచ్చి నీలం పెంకులు చెల్లాచెదురైనట్టు కళ్ల ముందు ఆడుతోంది. అన్న ఆఖరి పని తన చేతుల్లో పాడైతే ఇక మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

మిల్వాకీ గోడౌనులో వాండా అనే భారీ మనిషి సీలు తెంచే కత్తెర పట్టుకొచ్చింది. తలుపు దగ్గర ఇద్దరు ముసలివాళ్లను చూసి కసిరింది.

"పక్కకి జరగండి తల్లీ! తలుపు తీస్తే ఒక్కోసారి సామాను మొహమ్మీద పడుద్ది." అంతలో సీలు కాగితం చూసింది. "ఓ, ఫోర్ట్ వేన్ బండా? అయితే ఫర్వాలేదు, నిలబడండి."

తలుపులు తెరుచుకున్నాయి.

గోడ నిలబడి ఉంది. నిన్న సాయంత్రం మూసినప్పుడు ఎలా ఉందో అలాగే, మడిచిన అట్టముక్కతో సహా. ఆర్డిస్ తలుపు అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఎవరు సర్దుతారో తెలీదు గానీ," అంది వాండా, "ఈ లోడు విప్పడానికి మావాళ్లు కొట్టుకు చస్తారు. పేకాడి తేల్చుకుంటాం, ఎవరు గెలిస్తే వాళ్లది. నాకైతే విప్పబుద్ధి కాదు, నిజం."

ఆర్డిస్ ఆ అట్టముక్కను వేలితో లోపలికి నెట్టింది. రోస్కోనే అరిచాడు: "ఎవరో ఏమిటే? నీ ఎదురుగా నిలబడితే!"

వాండా ఆమెను కింది నుంచి పై దాకా చూసి, లోపలికి తిరిగి ఒక్క కేక పెట్టింది. "ఒరేయ్, అన్నీ ఆపండ్రా! ఫోర్ట్ వేన్ మనిషొచ్చింది!" ఫోర్క్‌లిఫ్టులు ఆగాయి. తినేవాళ్లు సాండ్‌విచ్చి చేత్తో పట్టుకునే వచ్చి ఆర్డిస్ చెయ్యి కుదిపేశారు.

మెల్విన్ మాత్రం టైల్స్ సంగతి అడగలేదు. గోడ దగ్గరికి వెళ్లి ఒక అతుకు మీద వేలు పెట్టాడు. పైకి జరిపాడు, అక్కడ పెట్టె నడుము తగిలింది. ఇంకో అతుకు, దాని మీదా నడుమే. కప్పు దాకా అలాగే చూసుకుంటూ పోయాడు.

"ఒసే, ఇది నాన్న కట్టుబడి."

"ఆఁ."

"నీకెప్పుడు నేర్పాడే?"

"నాకు నేర్పలేదు. నిన్ను తిట్టాడు. నేను విన్నాను."

మెల్విన్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. వాండా మొదటి పెట్టె మీద చెయ్యి వేయబోతే, "ఒక్క నిమిషం ఆగమ్మా," అన్నాడు. ఆ నిమిషం సేపు గోడౌను మొత్తం అతని కోసం ఆగింది.

ఆర్డిస్ సర్దిన పెట్టెల్లో ఒక్క టైలుకూ గీత పడలేదు. మెల్విన్ పడుకోబెట్టిన పెట్టెలో అడుగువి బీటలు వారాయి. అతను గబుక్కున మూత వేసేసి, "అదనంగా తెచ్చాలే, సరిపోతాయి," అన్నాడు. ఆర్డిస్ పల్లెత్తు మాట అనలేదు. నేనైతే వదిలేదాన్నా?

చర్చి పని ముగించి మెల్విన్ ఇంటికొచ్చాక ఒకనాటి పొద్దున, అన్నాచెల్లెళ్లిద్దరూ తమ ఊరి పాస్టరుగారి భార్యను పికప్‌లో ఎక్కించుకుని పెద్ద రోడ్డు మీద వెళ్తున్నారు. పాపం ఆవిడ అప్పటికే రెండు పొగగొట్టాలు, ఒక ప్రహరీ చూసి ఉంది. ఎదురుగా ఆకుపచ్చ ట్రైలరు ఒకటి మిల్వాకీ వైపు దూసుకుపోయింది. మెల్విన్ స్టీరింగు వదిలేశాడు.

"అదిగో, అదిగో! అది మా చెల్లెలిది!"

"ట్రక్కా?" అంది పాస్టరుగారి భార్య.

"ట్రక్కు కాదమ్మా, లోపలుంది గోడ! ఇటుక కదలకుండా నిలబెట్టడం ఏపాటి? నేనూ చేస్తాను. ఇది కట్టిన గోడ పరిగెడుతుంది, తెలుసా!"

ట్రైలరు మలుపు దాటి కనిపించకుండా పోయింది. ఆర్డిస్‌కు అది ఏ బండో, అందులో ఏ పెట్టె ఎక్కడుందో అన్నీ తెలుసు. అయినా సీట్లో ముందుకు జరిగి కూర్చుంది.

"ఏది అన్నయ్యా? నేను చూళ్లేదు. మళ్లీ చూపించు."